ఆరడుగుల తాళంచెవి

1998 ఏప్రిల్ పదకొండో తారీఖు ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు రాయపూర్‌లో పాత ఇళ్ళ శకం ముగిసింది. ముగించినవారు గృహనిర్మాణ శాఖ మంత్రి శ్రీ సుకాలూప్రసాద్‌జీ. ముగించిన చోటు దేవేంద్ర నగర్‌లో వేసిన షామియానా.

"పాత ఇల్లు ఇవ్వండి, కొత్త ఇల్లు పట్టుకుపోండి!" అని ఆయన మైకులో గర్జించారు. "ఇదే మన నవ్ నివాస్ యోజన! ఐదేళ్ళ తర్వాత ఈ నగరంలో పాత ఇల్లు చూడాలంటే మ్యూజియానికి వెళ్ళాలి!"

ముందు వరసలో ఉన్న విలేకరి ఒకాయన లేచాడు. "ఇప్పుడు కట్టే కొత్త ఇళ్ళు ఐదేళ్ళకి పాతబడతాయి కదండీ?"

"అది రెండో విడత," అన్నారు మంత్రిగారు, రెప్ప వెయ్యకుండా.

అంత ముందుచూపున్న నాయకుణ్ణి నేను అదివరకు చూడలేదు. గట్టిగా చప్పట్లు కొట్టాను. నా పక్కన కూర్చున్న దానయ్యగారు మాత్రం కొట్టలేదు. ఆయన ముప్ఫై రెండేళ్ళు గూడ్సు బండికి గార్డుగా చేసి రిటైరయిన మనిషి. సిగ్నల్ పూర్తిగా పడేదాకా చెయ్యెత్తే అలవాటు లేదు.

నా సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తాని. స్టేషన్ వెనక సందులో దానయ్యగారి పక్కిల్లు నాది. హిందీ చదవడం, రాయడం వచ్చు. ఆ నేరానికే ఈ వ్యవహారంలో సాక్షి సంతకాలన్నీ నా చేత పెట్టించారు.

యోజనలో మొట్టమొదటి లబ్ధిదారుగా దానయ్యగారిని ఎంపిక చేసినట్టు ఆ సభలోనే ప్రకటించారు. యోజన ప్రభుత్వానిదే అయినా ఇళ్ళు కట్టేది మాత్రం బిల్డర్ సత్తిరాజు. గోదావరి జిల్లానుంచి ఉర్లా ఫ్యాక్టరీలకు ఇనప తుక్కు తోలడానికి వచ్చి, తుక్కులోంచి ఇళ్ళలోకి ఎదిగిన ప్రతిభాశాలి. మా సందు చివర రోడ్డు వెడల్పు చేస్తారనీ, అప్పుడు దానయ్యగారి ఇల్లు మెయిన్ రోడ్డు మీద మొదటి షాపు స్థలం అవుతుందనీ మంత్రిగారి ఆఫీసులో ఒక మ్యాపు ఉందట. ఆ మ్యాపును సత్తిరాజు చూశాడనడానికి ఆధారాలు లేవు. ఆయన గీశాడని మాత్రమే అంటారు.

దానయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. ఆయన ఇంట్లో మరుగుదొడ్డి పెరటి చివర ఉంది. కొత్త ఇంట్లో పడకగది పక్కనే బాత్‌రూం అనగానే ఆ రోజు స్టేజీమీదే సంతకం పెట్టేశారు. నియమాలు చదవలేదు. పదకొండో నియమం నేను తర్వాత చదివి వినిపించాను: "లబ్ధిదారు వెనక్కి తగ్గినచో, అతని పాత ఇల్లు యోజనకే చెందును."

"అంటే?" అన్నారాయన.

"ముందుకెళ్ళినా ఇల్లు వాళ్ళదే, వెనక్కెళ్ళినా వాళ్ళదే బాబాయిగారూ."

దానయ్యగారి భార్య కోటమ్మగారు నెత్తి కొట్టుకున్నారు. "ప్రావిడెంట్ ఫండు మీద అప్పు తెచ్చి కట్టుకున్న కొంప! సంతకానికి ముందు నన్నో మాటడిగితే నీ సొమ్మేటి పోనాది?"

*

మర్నాడే మూల్యాంకనం. అంటే పాత ఇంటికి కొత్తింట్లో ఎన్ని గదులు వస్తాయో తేల్చడం. సత్తిరాజు టేపు పట్టుకుని వచ్చాడు. వెంట మంత్రిగారి మనిషి పరదేశి. రాయపూర్‌లో పుట్టి పెరిగిన తెలుగువాడు. మంత్రిగారి రబ్బరు స్టాంపు జేబులోనే ఉంచుకుంటాడు.

సత్తిరాజు పెరట్లోకి తొంగిచూశాడు. "రాసుకో పరదేశీ. ఆవరణలో గొయ్యి. అర గది మైనస్సు."

"ఏటీ? బావిని పట్టుకుని గొయ్యంతావేటి?" అన్నారు కోటమ్మగారు.

"నీళ్ళున్న గొయ్యేనండి అమ్మగారూ. మేం కాదన్లేదు."

"జామచెట్టు?" అన్నాడు పరదేశి.

"పక్షుల ఆక్రమణ. అర గది." సత్తిరాజు వీధి గుమ్మం దగ్గరికొచ్చి తలుపు ముందుకీ వెనక్కీ ఊపాడు. "ఏవండీ, దీనికి బయట గొళ్ళెం లేదేంటి? తాళం కప్ప ఎక్కడ వేలాడదీస్తారు?"

"ఎక్కడా వేలాడదీయం నాయినా. ఈయనది గూడ్సు గార్డు పని. బండి పొద్దున్న పదికొస్తాదో, మర్నాడు మద్దేనం మూడుకొస్తాదో పైనున్నోడికే తెల్దు. నాను తాళమేసి పోతే తలుపెవుడు తీస్తాడు? ఇరవయ్యెనిమిదేళ్ళనుంచి ఎవులో ఒకలు ఇంట్లోనే ఉన్నాం, నేదంటే పక్కింటోళ్ళు సూసుకుంటారు. లోపల గడియ సాలు."

"రాసుకో," అన్నాడు సత్తిరాజు. "ఈ ఇంటికి బయటినుంచి తాళం వేసే ఏర్పాటు ఏనాడూ లేదు. భద్రత శూన్యం. అర గది మైనస్సు."

అన్నీ పోగా నాలుగు పాత గదులకు రెండున్నర కొత్త గదులు తేలాయి.

"అర గది అంటే ఏటి?" అడిగారు దానయ్యగారు.

"మూడు గోడలుంటాయండి. నాలుగో వైపు ప్రకృతి."

కాగితం తిప్పి చూశాను. వెనకవైపు కొత్త ఇంటి సుగుణాలు అచ్చేశారు. "బావి తవ్వుకొనుటకు అవకాశం", "చెట్టు నాటుకొనుటకు అవకాశం" అందులో మొదటి రెండు. రిపోర్టు కింద సత్తిరాజు సంతకం చేశాడు. పరదేశి స్టాంపు కొట్టాడు. సాక్షిగా నేను.

*

తరువాతి ఆదివారం జీపులో ఉర్లా దాటించి కాలనీ చూపించారు. ముందు బ్రహ్మాండమైన తోరణం. దాని మీద "సుకాలూ నగర్" అని అక్షరాలు, అక్షరాల మీద మంత్రిగారి ముఖం. తోరణం లోపల ఒకే ఒక ఇల్లు.

"నమూనా ఇల్లండి," అన్నాడు సత్తిరాజు. "చూడ్డానికి మాత్రమే."

ముద్దుగా ఉంది. గోడలకు గులాబీ రంగు. బల్లమీద ప్లాస్టిక్ ద్రాక్షపళ్ళు. కోటమ్మగారు వంటింట్లో కుళాయి తిప్పారు. కుళాయి ఊడి చేతిలోకి వచ్చింది. దాని వెనక గొట్టం లేదు, మేకు ఉంది.

"అమ్మా, ముట్టుకోకు!" పరదేశి పరిగెత్తుకొచ్చాడు. "సాంపుల్ నల్ హై అది. ఇంకా నలభై ఫ్యామిలీలకి చూపించాల."

కోటమ్మగారు కిటికీ గట్టు మీద వేలు రాసి చూసుకున్నారు. వేలు నల్లగా అయింది. "ఇదేటి?"

"ఫ్యాక్టరీ మసండి. గోడలకి దిష్టి తగలకుండా ఉంటుంది," అన్నాడు సత్తిరాజు.

"సరే. మా ఇల్లేదీ?" అన్నారు దానయ్యగారు.

సత్తిరాజు ఆయన భుజం మీద చెయ్యేసి బయటికి తీసుకొచ్చాడు. ఎదురుగా ఖాళీ పొలం. అందులో ఒక గేదె.

"అదిగో, ఆ గేదె నిలబడింది చూశారూ? అది మీ హాలండి."

గేదె నాలుగడుగులు నడిచింది.

"ఇప్పుడు వంటింట్లోకి వెళ్ళింది."

గేదె అక్కడే తోకెత్తింది. కోటమ్మగారు ముక్కుమీద కొంగు వేసుకున్నారు.

"ఎప్పుడు కడతారు?"

"మీ పాతిల్లు పడగొట్టగానేనండి. ఆ ఇటుకలతోనే కదా కట్టేది!"

దానయ్యగారు కర్ర నేలకు ఆనించి నిటారుగా నిలబడ్డారు. "సత్తిరాజుగారూ, సింగిల్ లైన్లో బండి నడవాలంటే టోకెన్ ఉండాల. స్టేషన్లో ఈ చేత్తో పాత టోకెన్ ఇస్తాం, ఆ చేత్తో కొత్త టోకెన్ అందుకుంటాం. అందకుండా బండి కదిపితే గుద్దుకుని చస్తాం. నా తాళంచెవి మీ చేతిలో పడాలంటే, మీ తాళంచెవి నా చేతిలో పడాల. ఒకే నిమిషంలో."

"ఇల్లే లేందే తాళంచెవి ఎక్కణ్ణుంచి తెచ్చేదండీ?" అన్నాడు సత్తిరాజు.

సమంజసమైన ప్రశ్నే.

తిరుగు దారిలో పరదేశి ఏడో నియమం చదివి భయపెట్టాడు: "లబ్ధిదారు తన తాళంచెవి అప్పగించవలెను. ఆ చెవితో ఆ ఇంటి తాళము సాక్షి ఎదుట తెరిచినప్పుడే ఇల్లు యోజనకు స్వాధీనమైనట్లు."

"అంత పకడ్బందీ ఏమిటి?" అన్నాను.

"నేనే రాయించానండి," అన్నాడు సత్తిరాజు గర్వంగా. "ఇదివరకోసారి తాళం సరిచూసుకోకుండా వేరే ఇల్లు పడగొట్టేశాం. అది మంత్రిగారి మావగారిదండి."

*

తగువు మంత్రిగారు దిగిన సర్క్యూట్ హౌస్‌కి చేరింది. మంత్రిగారు సమోసా తింటూ ఇరుపక్షాల వాదనలూ విన్నారు. ముందు పాత చెవి ఇవ్వాలని సత్తిరాజు. ముందు కొత్త చెవి చూపించాలని దానయ్యగారు. అనువాదం నేను.

మంత్రిగారు కళ్ళు మూసుకున్నారు. సమోసా అయిపోయాక తెరిచారు.

"ఒకే వేదిక మీద, ఒకే ముహూర్తానికి, ఇద్దరూ ఒకేసారి మార్చుకుంటారు," అన్నారు. "ఫోటోగ్రాఫర్లను పిలవండి."

దానయ్యగారి ముఖం వెలిగింది. మొదటిసారి ఆయన మంత్రిగారికి చెయ్యెత్తి నమస్కారం పెట్టారు.

"మరి ఇల్లు లేదు కదండీ..." అని గొణిగాడు సత్తిరాజు.

"నేను తాళంచెవి గురించి మాట్లాడుతున్నాను," అన్నారు మంత్రిగారు. "నువ్వు మధ్యలో ఇంటిని ఎందుకు తెస్తావు?"

ఇలాంటి వివేకం వల్లనే ఆయన నాలుగుసార్లు గెలిచారు.

మే పదిహేనున మళ్ళీ అదే షామియానా. బ్యాండు మోగింది. పరదేశి, ఇంకో ముగ్గురు కలిసి బంగారు రంగు వేసిన తాళంచెవిని స్టేజీమీదికి మోసుకొచ్చారు. ఆరడుగులు. పూర్తిగా థర్మాకోల్. గాలికి ఎగిరిపోతుందని నలుగురు పట్టుకున్నారు.

దానయ్యగారు దాన్ని కిందనుంచి పైకి చూశారు. "బాబూ, దీంట్లో అసలు చెవి ఎక్కడుంది?"

నేను మంత్రిగారి చెవిలో అనువదించాను. ఆయన చిరునవ్వుతో మైకు అందుకున్నారు. "చిన్న తాళంచెవి ఒక్క ఇంటినే తెరుస్తుంది! ఇది నలభై కుటుంబాల భవిష్యత్తును తెరుస్తుంది!"

చప్పట్లు మోగాయి. దానయ్యగారు ఒక అడుగు ముందుకేసి ఆగారు. వెనక్కి తగ్గితే పదకొండో నియమం. ముందుకెళితే గేదె.

అప్పుడు కోటమ్మగారు కొంగు ముడి విప్పి ఒక ఇత్తడి తాళంచెవిని భర్త చేతిలో పెట్టారు. ఆయన దాన్ని చూసి, ఆవిణ్ణి చూశారు. ఆవిడ షామియానా పైకప్పు చూశారు.

ఈ చేత్తో ఇచ్చారు. ఆ చేత్తో అందుకున్నారు. ఫ్లాష్‌లు వెలిగాయి. సాక్షిగా నేను.

*

మర్నాడు ఉదయం ఎనిమిదింటికే పలుగులు, పారలతో పన్నెండుమంది కూలీలు సందులోకి దిగారు. ముందు సత్తిరాజు, ఇత్తడి చెవి చేత్తో పట్టుకుని. పక్కన పరదేశి, స్వాధీనపత్రం పట్టుకుని. సాక్షిగా నన్ను స్నానం మధ్యలోంచి లాక్కొచ్చారు.

వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల కోటమ్మగారు మినపపిండి రుబ్బుతున్నారు. అరుగు మీద దానయ్యగారు. ఆయన పక్కనే గోడకి చేరేసి ఆరడుగుల చెవి.

"తాళమేదండీ?" అన్నాడు సత్తిరాజు.

"ఏ తాళం?"

"ఈ చెవిది!"

"అదా? నా గార్డు పెట్టెది. జెండాలు, లాంతరు పెట్టుకునే ఇనప పెట్టె."

"పెట్టె ఏది?"

"రిటైరైన రోజే రైల్వేకి అప్పజెప్పీసినాను. రసీదుంది. చెవే జేబులో ఉండిపోనాది."

సత్తిరాజు ముఖంలో రంగులు మారాయి. "ఇంటి తాళంచెవి ఇమ్మన్నాం కదండీ!"

"ఇంట్లో ఉన్నదే ఇచ్చినాం నాయినా," అన్నారు కోటమ్మగారు రుబ్బడం ఆపకుండా. "మాకున్నది అదొక్కటే చెవి."

తర్వాత జరిగిన గాలింపు చూసి తీరవలసిందే. నియమం ప్రకారం ఆ చెవి ఏదో ఒకటి తెరవాలి. సత్తిరాజు దాన్ని బియ్యం డ్రమ్ముకి పెట్టి చూశాడు. గోడ గడియారంలో తిప్పాడు. అది పన్నెండు కొట్టింది. దేవుడి పెట్టెకి పెట్టబోతే కోటమ్మగారు పిండి చెయ్యి ఎత్తారు. బజారునుంచి మూడు కొత్త తాళం కప్పలు తెప్పించాడు. ఒక్కటీ పడలేదు. చివరికి తాళాలు బాగుచేసే ముసలాయన్ని పట్టుకొచ్చి, "ఈ చెవికి సరిపడే తాళం చెయ్యి!" అన్నాడు.

ముసలాయన చెవిని ఎండలో తిప్పి చూసి తిరిగిచ్చేశాడు. "తాళానికి చెవి చేస్తాను సేఠ్‌జీ. చెవికి తాళం మా తాతకూడా చెయ్యలేదు."

"గోడ పగలగొట్టండ్రా!" అని అరిచాడు సత్తిరాజు.

పరదేశి అడ్డం పడ్డాడు. "అరే సత్తిరాజు భాయ్, పాగల్ అయ్యావా? రూల్ నువ్వే రాయించావ్. తాళం తెరవకుండా గోడ ముట్టుకుంటే ఎవరి ఇల్లు అవుతుందో! ఆ మావగారి కేసు ఇప్పటికీ నడుస్తోంది."

పన్నెండుమంది కూలీలు జామచెట్టు కింద కూర్చుని కాయలు తిన్నారు. పక్షుల ఆక్రమణ ఆ విధంగా కొంత తగ్గింది.

*

మధ్యాహ్నానికి అందరూ సర్క్యూట్ హౌస్‌లో ఉన్నారు. దానయ్యగారు సైకిల్ రిక్షాలో వచ్చారు, చెవిని నిలబెట్టి పట్టుకుని. దారిలో జనం దండాలు పెట్టారట, ఏదో దేవుడి ఊరేగింపనుకుని. వాళ్ళ వెనకే విలేకరులు కూడా వచ్చేశారు.

"మోసం!" అన్నాడు సత్తిరాజు. ఇత్తడి చెవిని మంత్రిగారి బల్లమీద విసిరాడు. "ఈ చెవికి తాళం లేదు సర్! తాళం లేని చెవి ఇచ్చి పేదోళ్ళ పథకాన్ని దగా చేశారు!"

మంత్రిగారు కళ్ళెర్రజేసి దానయ్యగారి వైపు తిరిగారు. దానయ్యగారు పెట్టె రసీదు తీసి చూపించబోయారు. ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో ఆయన్ని ఎవరూ మోసగాడనలేదు.

కోటమ్మగారు నన్ను మోచేత్తో పొడిచారు. "బాబూ, అడుగు. మరి మాకిచ్చినది ఏ తాళానికి పడతాదో అడుగు."

అడిగాను. విలేకరులు పెన్నులు తీశారు. అందరి చూపులూ ఆరడుగుల చెవి మీద పడ్డాయి. ఫ్యాను గాలికి అది కొద్దిగా ఊగింది.

"ఇంకో సంగతి కూడా అడుగు," అన్నారావిడ. "మా గుమ్మానికి తాళమే నేదని రాసుకున్నాడు కదా. మరి చెవెలాగ పుచ్చుకున్నాడు?"

నేను మూల్యాంకన రిపోర్టు తీసి చదివాను. "ఈ ఇంటికి బయటినుంచి తాళం వేసే ఏర్పాటు ఏనాడూ లేదు. భద్రత శూన్యం." కింద సత్తిరాజు సంతకం. మంత్రిగారి స్టాంపు.

మంత్రిగారు స్టాంపును చూశారు. పరదేశి జేబు తడుముకున్నాడు. ఇత్తడి చెవి దగా అయితే థర్మాకోల్ చెవి ఏమవుతుందో గదిలో ప్రతివాడికీ తెలుసు. పెన్నులు పట్టుకున్నవాళ్ళకి మరీ బాగా తెలుసు.

మంత్రిగారు లేచి నిలబడ్డారు. ఆ క్షణంలో ఆయన ముఖంలో కనిపించిన తేజస్సును నేను వర్ణించలేను.

"మిత్రులారా! బిల్డర్‌కి తాళంచెవి అందింది. లబ్ధిదారుకీ తాళంచెవి అందింది. మార్పిడి సంపూర్ణం. పైగా ఎవరి ఇల్లూ కదలలేదు, ఎవరికీ నష్టం లేదు. ఇటువంటి పథకం దేశంలో ఇంకెక్కడైనా ఉంటే చూపించండి! మొదటి విడత నూటికి నూరు శాతం విజయం. ఈ కేసు మూసేశాను."

దానయ్యగారు బయటికొచ్చి మెట్టుమీద కూలబడ్డారు. "లైన్ క్లియర్," అన్నారు మెల్లగా.

*

పెరట్లో దొడ్డి చివరే ఉండిపోయింది. మోకాళ్ళ నొప్పులూ ఉండిపోయాయి. ఇల్లు మాత్రం నిలిచింది.

ఆరడుగుల చెవిని ఏం చెయ్యాలో రెండ్రోజులు ఎవరికీ తోచలేదు. మూడోరోజు కోటమ్మగారు దాన్ని బావిగట్టు పక్కన పడుకోబెట్టి, తడిగుడ్డ పరిచి, దాని మీద మినప వడియాలు పెట్టారు. మే నెల ఎండ. థర్మాకోల్ వేడెక్కదు, చీమ పట్టదు, ఎటు కావాలంటే అటు ఒంటిచేత్తో జరుపుకోవచ్చు. గుడ్డ చాలని చోట నేరుగా చెవిమీదే పెట్టారు. యోజన ఫలాలు అందిన మొదటి కుటుంబం అదే.

శనివారం పొద్దున్న పరదేశి చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"అమ్మా, చాబీ వాపస్ కావాల. జల్దీ!"

"ఎందుకు నాయినా?"

"రేపు ఆరంగ్‌లో ప్రోగ్రాం. రెండో లబ్ధిదారుకి మంత్రిగారు చాబీ ఇస్తారు."

"కొత్తది చేయించుకోండి."

పరదేశి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "శాఖకి ఒకటే మంజూరైందమ్మా."

దానయ్యగారు అరుగు మీదనుంచి కర్ర ఊపారు. "టోకెన్!"

పరదేశి మంత్రిగారి బల్లమీదనుంచి తెచ్చుకున్న ఇత్తడి చెవిని జేబులోంచి తీశాడు. ఈ చేత్తో ఇచ్చాడు, ఆ చేత్తో అందుకున్నాడు. యోజన మొత్తంలో రెండువైపులా అసలు వస్తువు చేతికందిన మార్పిడి ఇదొక్కటే అనుకుంటాను. దీనికి మాత్రం సాక్షి సంతకం ఎవరూ అడగలేదు. కోటమ్మగారు వడియాలు గబగబా ఒలిచి డబ్బాలో పోసుకున్నారు. పరదేశి చెవిని జీపు మీద కట్టుకుని ఆరంగ్ వైపు దూసుకుపోయాడు.

సోమవారం పేపర్లో మొదటి పేజీలో ఫోటో వేశారు. మంత్రిగారు నవ్వుతున్నారు. ఒక ముసలి రైతు రెండు చేతులా చెవిని కౌగిలించుకుని నిలబడ్డాడు. కింద రాసింది నేను పైకి చదివాను: "ఆరంగ్‌లో లబ్ధిదారుకు వెండి పువ్వులు పొదిగిన బంగారు తాళంచెవిని అందజేస్తున్న మంత్రి."

కోటమ్మగారు కళ్ళజోడు పెట్టుకుని ఫోటోలో చెవి పైభాగాన్ని దగ్గరగా చూశారు.

"అదీ సంగతి," అన్నారు. "డబ్బాలో రెండు తగ్గినాయేటా అనుకుంతన్నాను."